బొక్కెనెడు వేణ్ణీళ్ళు

తెనాలి ప్రాంతమున మా తాతగారి యింటి పెరటిలో, వంటయింటి గోడ నానుకొని, మోకాలెత్తు గట్టుమీద ఒక రాగి బాయిలరు ఉండెడిది. నడుమ నిలువు గొట్టము, ఆ గొట్టములో నిప్పు, దాని చుట్టును నీరు. పైన ఒక గరాటు, ప్రక్కన ఒక ముక్కు. కొబ్బరి డొక్కలు, కంది కంప, విరిగిన పిడకలు, ఎండిన తాటిమట్టల ముక్కలు గొట్టములో వేసి నిప్పంటించిన కొంతసేపటికి నీరు కాగి, గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోసినవారికి ముక్కునుండి చెంబెడు వేణ్ణీళ్ళు దిగెడివి. చన్నీళ్ళు పోయనిదే వేణ్ణీళ్ళు రాని ఆ యేర్పాటు బాల్యమున మాకు మాయవలె తోచెడిది. పోసిన నీరు అడుగునకు చేరి, తేలికయై పైనున్న వేడినీటిని వెలికి త్రోయుచున్నదని పెద్దయైన పిదప గాని తెలియలేదు. నేడు స్నానాల గది గోడకు తగిలించుకొనుచున్న తెల్లని గీజరు లోపల జరుగునదియు అక్షరాల ఇదియే. చన్నీరు అడుగున ప్రవేశించును, వేడినీరు పైనుండి బయలువెడలును, కడవ ఎన్నడును వట్టిపోదు.

మా నాయనమ్మ తెల్లవారుజామున పెరటిలోనికి వచ్చి, పొయ్యి ముట్టించుటకు ముందు, దుప్పట్లు కప్పుకొని అరుగుమీద ముడుచుకొని కూర్చున్న పిల్లలను చూచి ఒకే ప్రశ్న అడిగెడిది: “ఇవాళ తలంటు ఎవరెవరికర్రా, వట్టి స్నానం ఎవరికి? ముందు అది చెప్పండి, దాన్నిబట్టి పుల్లలు వేస్తాను.” తలంటుకు రెండు బొక్కెనలు, పిల్లలకు బొక్కెనలో సగము, పురిటి గదిలోని బాలింతరాలికి ప్రత్యేకముగ ఒక గంగాళము, తాతగారికి ఎండ కాసినను వాన కురిసినను చన్నీళ్ళే. ఈ లెక్క సరిపోయిన పిదపనే నిప్పు రాజుకొనెడిది. ఆ పొగకు జీవితమంతయు కన్నులెఱ్ఱ చేసికొన్న ఆమెను తలచినప్పుడు బాయిలరు కాలము తిరిగి రావలెనని నేను కోరజాలను గాని, ఆమె లెక్క మాత్రము మనము పోగొట్టుకొన్న సొత్తనియే నా నమ్మకము.

శీతకాలము ప్రవేశింపగానే మన పట్టణములలోని ఎలక్ట్రికల్ దుకాణములలో ఆ ప్రశ్న తలక్రిందులగుచున్నది. “ఎన్ని లీటర్లది కావాలండీ?” అని దుకాణదారుడు అడుగును, ప్రక్క వాటావారు కొన్నది ఇరువదియైదు లీటర్లది గనుక మనమును అదే చెప్పుదుము, రంగు నచ్చినదా, వారంటీ ఎన్నేండ్లు అను రెండు మాటలతో బేరము ముగియును. ఇంటిలో ఎందఱున్నారు, వారు చెంబుతో పోసికొందురా షవరు క్రింద నిలుతురా, నీరు బోరుదా నదిదా, చలి రెండు నెలలా ఆరు నెలలా, గోడలోని వైరు ఎంత భారమును మోయగలదు అను ప్రశ్నలను అతడు అడుగడు, మనము చెప్పము. హీటరు ఎంపిక దుకాణములో మొదలు పెట్టినవారు సాధారణముగ పెద్దదానినో, ప్రమాదకరమైనదానినో, రెండేండ్లకు పాడగుదానినో ఇంటికి తెచ్చుకొందురు. ఇంటిలోని బొక్కెనవద్ద మొదలు పెట్టినవారికి దారి తానై తెలియును.

బొక్కెనవద్దనే మొదలు పెట్టుదము. సామాన్యమైన ప్లాస్టిక్ బొక్కెన నిండుగ నింపిన 20 లీటర్లు పట్టును. ఒంటికి హాయిగ తోచు వేడి 40 డిగ్రీల సెల్సియస్ చుట్టుప్రక్కల నుండును. ఒక యూనిట్టు విద్యుత్తు, మార్గమధ్యమున నష్టమేమియు లేనియెడల, సుమారు 86 లీటర్ల నీటిని 10 డిగ్రీలు వేడెక్కింపగలదు. ఈ యొక్క అంకెను గుర్తుంచుకొన్నవారిని ఏ ప్రకటనయు మభ్యపెట్టజాలదు. పుష్యమాసపు ఉదయమున విజయవాడలో తొట్టెనీరు 24 డిగ్రీలున్నదనుకొన్న, 16 డిగ్రీలు పెంచిన చాలును. అనగా బొక్కెనకు యూనిట్టులో మూడవవంతుకంటె కొంచెము హెచ్చు, నలుగురికి ఒకటిన్నర యూనిట్టు. అదే ఆదిలాబాదులో, మేడమీది ట్యాంకు నీరు 15 డిగ్రీలకు దిగిన దినమున, 25 డిగ్రీలు పెంచవలసివచ్చి, అదే నలుగురికి రెండు యూనిట్లు దాటి ఖర్చగును. చింతపల్లి, లంబసింగి వంటి మన్యపు గ్రామములలో, పాదరసము సున్నను సమీపించు రాత్రుల మఱునాడు, ఈ లెక్క ఇంకను పెరుగును. తెలుగునేల యంతటికిని ఒకే హీటరు తగినదని ఎవరైన చెప్పినయెడల, ఆయన ఈ మూడుచోట్ల స్నానము చేసి యుండడు.

ఇక గీజరు పరిమాణము. స్టోరేజి గీజరులోని 15 లీటర్ల నీరు 60 డిగ్రీలకు కాగినదనుకొందము. దానిలో 24 డిగ్రీల చన్నీరు కలిపి 40కి తెచ్చుకొన్న, దాదాపు 34 లీటర్లు, అనగా ఒకటిన్నర బొక్కెనకు పైగా దక్కును. 25 లీటర్ల గీజరైన 56 లీటర్లు, అనగా మూడు బొక్కెనలకు కొంచెము తక్కువ. ఆదిలాబాదు చలిలో ఇవే గీజర్లు 27, 45 లీటర్లకు మించి ఈయలేవు. 2000 వాట్ల ఎలిమెంటు 15 లీటర్లను తిరిగి కాచుటకు ఇరువది నిమిషములు తీసికొనును. ఒకరు స్నానము ముగించి బయటికి వచ్చి, మఱియొకరు తువ్వాలు వెదకికొని లోనికి పోవుటకు మన యిండ్లలో దాదాపు అంత కాలమే పట్టును. కావున బొక్కెనతో పోసికొను నలుగురి కుటుంబమునకు కోస్తా జిల్లాలలో 15 లీటర్లు చాలునని నా నిశ్చితాభిప్రాయము. ఒంటరిగనుండు వృద్ధులకు 10 లీటర్లును చాలును. ఉత్తర తెలంగాణపు చలిలో, లేక బడికి పోవలసిన పిల్లలు ఒకరి వెంట నొకరు స్నానము చేయవలసిన యింటిలో, 25 లీటర్లు కోరుట న్యాయమే.

షవరు మాట వేరు. సామాన్యమైన షవరు నిమిషమునకు ఎనిమిది నుండి పది లీటర్లు కురిపించును. పది నిమిషములు దాని క్రింద నిలిచినవారు నాలుగైదు బొక్కెనల నీటితో స్నానము చేసినట్లే. అమెరికాలోని మన పిల్లల యిండ్లకు పోయినవారు అచ్చటి నేలమాళిగలోనో గ్యారేజీలోనో నిలువెత్తు పీపాయివలె నిలిచిన నూటయేబది, రెండువందల లీటర్ల హీటరును చూచి అబ్బురపడుదురు. ఆ దేశపు స్నానము షవరుది, అచ్చటి గిన్నెలు కడుగు యంత్రమునకును బట్టలుతుకు యంత్రమునకును వేడినీరు కావలెను. ఆ యవసరమునకు ఆ పీపాయి తగినదే. మన చెంబు స్నానమునకు దానిని ఆదర్శముగ తీసికొననక్కఱలేదు.

గీజరుమీద అంటించియుండు నక్షత్రముల చీటీని గూర్చి ఒక్క మాట. 2001 నాటి శక్తి పరిరక్షణ చట్టము ననుసరించి ఏర్పడిన కేంద్ర సంస్థ, బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, ఈ నక్షత్రములను నిర్ణయించును. నీటిని కాచుటలో ఒక గీజరునకును మఱియొకదానికిని పెద్ద భేదము లేదు. నీటిలో మునిగిన ఎలిమెంటు తన వేడినంతయు నీటికే యిచ్చును. భేదమంతయు కాగిన నీటిని చల్లారకుండ కాపాడుటలో నున్నది. పరిసరములకంటె 45 డిగ్రీలు వేడిగనున్న నీరు ఇరువదినాలుగు గంటలలో ఎంత వేడిని కోల్పోవునో కొలిచి నక్షత్రములిత్తురు. కావున స్విచ్చు రేయింబవళ్ళు వేసియుంచు ఇంటిలో అయిదు నక్షత్రములు నిజముగ డబ్బు మిగుల్చును. స్నానమునకు ముందు ఇరువది నిమిషములు మాత్రమే వేసి ఆపు ఇంటిలో వాని లాభము స్వల్పము.

ఇన్‌స్టంటు గీజరు చిన్నది, చవుక, చూచుటకు ముచ్చటైనది. అందులో నిలువయుండు నీరు మూడు లీటర్లే; 3000 వాట్ల బలముతో అది నీటిని పాఱుచుండగనే కాచును. విజయవాడ నీటిని అది నిమిషమునకు 2.7 లీటర్ల చొప్పున 40 డిగ్రీలకు తేగలదు. బొక్కెన నిండుటకు ఏడున్నర నిమిషములు. ఆదిలాబాదులో అదే బొక్కెనకు పండ్రెండు నిమిషములకు దగ్గఱ. ఇది తెలిసి కొన్నవారికి నిరాశ లేదు. వంటయింటి తొట్టికడ గిన్నెలు తోముకొనుటకు, ఇద్దఱే యున్న యింటికి, ఇది చక్కగ సరిపోవును. కాని 3000 వాట్లనగా 13 ఆంపియర్లు; దానికి 16 ఆంపియర్ల సాకెట్టును, దానినుండి మీటరు పెట్టెవఱకు తగిన మందముగల వైరును ఉండవలెను. ముప్పది యేండ్లనాటి యిండ్లలో ఫ్యానుకును దీపమునకును వేసిన సన్నని తీగకు దీనిని తగిలించి, గోడలోపలనే వైరు కమిలిపోయిన యిండ్లను నేనెఱుగుదును.

హీటరు రాడ్డును గూర్చి నాకు మెత్తగ మాటాడుట చేతకాదు. అద్దెగదుల విద్యార్థులకు, క్రొత్త కాపురములకు అది చవుకగ దొరకు పనిముట్టు. అందఱి బీదతనమునకును అది అక్కఱకు వచ్చినది. ఐనను స్విచ్చు వేసియుండగనే నీరు కాగినదో లేదోయని వ్రేలు ముంచి చూచుట మనవారికొక అలవాటు. ఆ యొక్క వ్రేలితో ఎన్ని ప్రాణములు పోయినవో ప్రతి శీతకాలమును పత్రికలలో చదువుచునే యున్నాము. స్విచ్చు ఆపి, ప్లగ్గు ఊడదీసి, ఆ తరువాతనే నీటిని ముట్టవలెను. నీటిలో మునుగకముందు స్విచ్చు వేయరాదు. గుర్తు గీత దాటి ముంచరాదు. ప్రాకు బిడ్డలున్న యింటిలో అది అసలే ఉండరాదు.

అన్నిటికంటె నిదానించి చెప్పవలసినది గ్యాసు గీజరును గూర్చి. గీజరను మాటయే ఐస్‌లాండు దేశపు వేడినీటి బుగ్గ పేరునుండి పుట్టినది. 1868లో లండను నగరమున బెంజమిన్ వాడి మాన్ అను నతడు గ్యాసు మంటతో స్నానపు నీటిని అప్పటికప్పుడు కాచు యంత్రమును కల్పించి దానికి ఆ బుగ్గ పేరు పెట్టెను. ఆ యంత్రమునకు పొగగొట్టము లేదు. మంటనుండి వెలువడిన వాయువులు స్నానాల గదిలోనే చేరెడివి. తరువాత 1889లో నార్వేనుండి అమెరికాకు పోయి పిట్స్‌బర్గులో స్థిరపడిన ఎడ్విన్ రూడ్ అను ఇంజనీరు, నీటిని నిలువచేసి తనంతట తానై వెలిగి ఆఱు హీటరును రూపొందించెను. మాన్ చేసిన తప్పు, నూటయేబది సంవత్సరములు గడచినను, మన అపార్టుమెంట్ల స్నానాల గదులలో నేటికిని యథాతథముగ జరుగుచున్నది.

మా పినతండ్రిగారి కుమార్తె కాపురమున్న వాటాలో, గీజరును బిగించుటకు వచ్చినవాడు దానిని స్నానాల గది లోపలి గోడకే తగిలించెను. బయట పెట్టరాదా యని అడిగిన ఆమెకు “ఏం కాదమ్మా, వెంటిలేటర్ ఉందిగా” అని సమాధానము చెప్పెను. మాఘమాసపు చలికి ఆమె ఆ వెంటిలేటరునకు అట్టముక్క అడ్డుపెట్టి, తలుపు మూసికొని, తలంటుకొనుచుండెను. నురుగు కడుగుకొనుచుండగ తల తిరిగి, మోకాళ్ళు సడలి, గోడ పట్టుకొనబోయి పడిపోయినది. గడియ వేయకుండుట దైవకృప. చప్పుడు విని అత్తగారు తలుపు త్రోసి, రెక్కలు పట్టి వసారాలోనికి ఈడ్చుకొనివచ్చినది. గాలి తగిలిన చాలసేపటికి గాని ఆమెకు తెలివి రాలేదు. ఆ దినమునుండి గ్యాసు గీజరను మాట వినగనే నాకు ఆ తడి జుట్టు, ఆ పాలిపోయిన ముఖము కన్నులకు కట్టును.

కారణము స్పష్టము. మంటకు చాలినంత ప్రాణవాయువు దొరకనప్పుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె రెండువందల రెట్లకు మించిన గట్టితనముతో దీనిని పట్టుకొనును. ఒకసారి పట్టిన సులభముగ విడువదు. తలనొప్పి, వికారము, కండ్లు తిరుగుట మొదలగు చిహ్నములను మనిషి ఆకలియో నీరసమో యనుకొనుచుండగనే కాళ్ళలో సత్తువ పోవును. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవుగల మూసిన గదిలో దీనికి ఎంతో కాలము పట్టదు.

నేను గ్యాసు గీజరును నిషేధింపుమనుటలేదు. బలములో దానికి సాటిలేదు. నిమిషమునకు ఆఱు లీటర్ల గ్యాసు గీజరు 3000 వాట్ల విద్యుత్ గీజరునకు మూడున్నర రెట్లు శక్తిగలది. ఖర్చును హెచ్చుకాదు, విజయవాడలో నలుగురి బొక్కెన స్నానములకు 14.2 కిలోల సిలిండరు, నా లెక్క ప్రకారము, మూడు నెలలకు పైగా వచ్చును. కరెంటు తఱచు పోవు గ్రామములో అది వరమే. కాని యంత్రము స్నానాల గది వెలుపల, గాలియాడు బాల్కనీలోనో పెరటి గోడకో ఉండవలెను. దాని పొగగొట్టము బయటి గాలిలోనికి తెఱచుకొనవలెను. గదిలోనికి వేడినీటి గొట్టము మాత్రమే రావలెను. వాటాలో అట్టి చోటు లేనియెడల గ్యాసు గీజరు కొనుట మానుకొనుటయే మంచిది. ఈ విషయమున రాజీ కూడదు.

హీటరు ఆయుష్షును నిర్ణయించునది కంపెనీ పేరుకంటె ఇంటి నీరు. కందిపప్పు ఎంత సేపటికిని ఉడకని నీళ్ళు, కుంకుడు రసము నురుగు పట్టని నీళ్ళు, చెంబు అడుగున తెల్లని చారలు మిగిల్చు నీళ్ళు, ఇవి కఠినజలములని మన ఆడవారికి రసాయనశాస్త్రముకంటె ముందే తెలియును. త్రాగునీటికి భారతీయ ప్రమాణము లీటరునకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యమును మేలైన హద్దుగను, వేఱు నీరు దొరకనప్పుడు 600 మిల్లీగ్రాములను తుది హద్దుగను చెప్పుచున్నది. ప్రకాశము, అనంతపురము, నల్లగొండ జిల్లాల బోర్లలోను, కృష్ణా గోదావరీ జలములు చేరని హైదరాబాదు శివారు కాలనీల బోర్లలోను ఈ కాఠిన్యము తఱచు ఎక్కువగ కనబడును.

నేలలోని సున్నపురాతి పొరలగుండ నూరిన నీరు దానిని కరగించుకొని బైకార్బనేటు రూపమున మోసికొనివచ్చును. వేడి తగులగనే ఆ బైకార్బనేటు విడిపోయి, కాల్షియము కార్బనేటుగ మాఱి, గట్టి పెచ్చులు కట్టును. పల్నాటిలోను, కడపలోను, తాండూరులోను ఇండ్లకు పఱచుకొను నాపరాయిలో ముఖ్యమైన పదార్థమేదియో, గీజరు లోపల పేరుకొను ఆ గార ముఖ్యముగ అదే పదార్థము. ఎలిమెంటుమీద గార కమ్మిన కొలది వేడి నీటికి చేరక లోపలనే నిలిచి, తుదకు లోపలి నిక్రోము తీగ కాలి తెగును. “కరెంటు హెచ్చుతగ్గుల వల్ల కాలిపోయిందండీ” అని బాగుచేయువాడు చెప్పును. విప్పి చూచిన, చాలసారులు, తీగకు చుట్టుకొన్న గొట్టము సున్నపు చిలుము క్రింద కనుపింపనే కనుపింపదు.

నీటిలో 60 డిగ్రీలకు మించిన కొలది గార పేరుకొనుట త్వరపడును గనుక, బోరు నీటి యిండ్లలో థర్మోస్టాటును 50, 55 డిగ్రీలవద్ద నిలుపుట మేలు. చంటిబిడ్డల చర్మమునకును అదే క్షేమము. కఠినజలమునకు తట్టుకొను ఇంకలాయి తొడుగుగల, లేక గాజు పూత పూసిన ఎలిమెంటును అడిగి తీసికొనవలెను. తొట్టె లోపలి గోడకు గాజు పూతయున్న ఉక్కు తొట్టెలు ఉప్పు నీటికి స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టెలకంటె నిలుకడగ నిలుచుట నేను చూచితిని. ఆ తొట్టె లోపల ఒక మెగ్నీషియము కడ్డీ వ్రేలాడుచుండును. అది తాను అరిగిపోవుచు తొట్టెను తుప్పునుండి కాపాడును. పూర్తిగ అరిగిన పిదప తుప్పు తొట్టెను పట్టుకొనును. కొన్నవారిలో నూటికి తొంబదిమంది ఆ కడ్డీ పేరైనను వినలేదనిన అతిశయోక్తి గాదు. రెండేండ్లకొకసారి, నీరు చెడ్డదైన ఏటికొకసారి, దానిని చూపించి మార్పించినవారి గీజరు పదేండ్లు నడచును.

ఎండ మనకు దండిగ నున్నది గదా, సూర్యుని హీటరే అన్నిటికంటె ఉత్తమము గాదా యని అడుగువారు పలువురు. ఈ ఆలోచన క్రొత్తది గాదు. 1891లో బాల్టిమోరు నగరవాసి క్లారెన్స్ కెంప్, నల్లరంగు పూసిన లోహపు తొట్టెలను అద్దము మూతగల కొయ్యపెట్టెలో నుంచి సూర్యునితో నీరు కాచు యంత్రమునకు పేటెంటు పొందెను. దానిలో సాయంకాలమునకు కాగిన నీరు తెల్లవారునప్పటికి చల్లారెడిది. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఎండను గ్రహించు పలకను వేఱు చేసి, వేడి పోకుండ కప్పిన తొట్టెను దానికంటె ఎత్తున నిలిపెను. వేడినీరు తేలికయై తానై పైకెక్కును, చన్నీరు తానై దిగును, పంపు అక్కఱలేదు. మన మేడలమీది సౌర హీటర్లు నేటికిని ఆ సూత్రము మీదనే పనిచేయుచున్నవి.

దానియందు రెండు జాతులు. రాగి గొట్టముల పలక యొకటి, రెండు పొరల గాజు గొట్టముల నడుమ గాలి తీసివేసిన వాక్యూము రకము మఱియొకటి. బోరు నీటికి సన్నని రాగి గొట్టములు గారతో పూడుకొనిపోవును. లావైన గాజు గొట్టములు అంత త్వరగ పూడవు, కడుగుటయు సులభము. ఐతే కోతుల బెడదయున్న ఊళ్ళలో గాజు గొట్టములను నమ్ముకొనుటకు ముందు ఆలోచింపవలెను. పలక రకమున నూరు లీటర్లకు సుమారు రెండు చదరపు మీటర్ల పలక కావలెను. పలక ముఖము దక్షిణమునకు ఉండవలెను; శీతకాలమున సూర్యుడు దక్షిణమునకు వాలియుండును గనుక, 17 డిగ్రీల అక్షాంశముమీదనున్న హైదరాబాదులో పలకను అంతకంటె పది, పదునైదు డిగ్రీలు హెచ్చుగ వాల్చుట చలినాళ్ళకు మేలు చేయును. నీటి ట్యాంకు నీడ, ప్రక్క మేడ నీడ పడరాదు.

ఇంత చెప్పిన పిదపను అసలు ప్రశ్న మిగిలియే యున్నది: వేడినీరు ఏటికి ఎన్ని నెలలు కావలెను? బెంగుళూరులో స్థిరపడిన తెలుగువారికి సంవత్సరము పొడుగునను కావలెను. అచ్చట సౌర హీటరు పెట్టుబడిని కొన్ని సంవత్సరములలో తిరిగి యిచ్చును. బందరులో, నెల్లూరులో, రాజమహేంద్రవరములో మూడు నాలుగు నెలలకు మించి ఎవరికి కావలెను? చైత్రము వచ్చినదో లేదో, అచ్చటి మేడమీది చన్నీళ్ళ కుళాయియే వేణ్ణీళ్ళిచ్చును; సౌర తొట్టె యెనిమిది నెలలు వ్యర్థముగ కాగుచుండును. బహుకుటుంబ భవనములలో మఱియొక చిక్కు. మేడమీదనుండి నేల అంతస్తునకు ముప్పది మీటర్ల గొట్టము దిగినయెడల, అందులో నిలిచిన అయిదు లీటర్ల చల్లని నీరు పాఱిన పిదపనే వేడినీరు వచ్చును. ప్రొద్దున నలుగురు వేర్వేరు వేళల స్నానము చేసిన ఇరువది లీటర్లు కాలువ పాలు. నీటి ట్యాంకరు కొనుచున్న కాలనీలో ఇది చిన్న నష్టము గాదు. మబ్బు పట్టిన నాలుగు దినములకు ఎలక్ట్రిక్ ఎలిమెంటు సహాయముండనే యుండవలెను. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్న సామెతవలె అవి ఒకదానికొకటి తోడు.

హీట్‌పంపు అను నది ఈ మధ్య మన సంతలో కనబడుచున్నది. ఫ్రిజ్జు తన లోపలి వేడిని బయటికి త్రోయునట్లే ఇది బయటి గాలిలోని వేడిని నీటిలోనికి త్రోయును. ఒక యూనిట్టు కరెంటుతో మూడు యూనిట్ల వేడిని తేగలదు. ధర హెచ్చు. వసతిగృహములకు, ఆసుపత్రులకు, పదిమంది కలిసియుండు ఉమ్మడి యిండ్లకు ఇది ఆలోచింపదగినది. సామాన్య గృహస్థునకు ఇప్పటికి కాదు.

ఏ విద్యుత్ హీటరు కొన్నను తప్పనివి మూడు. ఎర్తింగు ఉన్నదని చెప్పుట చాలదు, పరీక్షింపవలెను. పాత యిండ్లలో మూడవ తీగ సాకెట్టువఱకు వచ్చి అచ్చటనే అంతమగుట నేను పలుమారులు చూచితిని. స్నానాల గది లైనునకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుట రెండవది, కరెంటు నీటిలోనికో మనిషిలోనికో ప్రక్కదారి పట్టిన మఱుక్షణమే అది సరఫరా తెంచును. మూడవది ప్రెజరు వాల్వు. నీరు కాగునప్పుడు వ్యాకోచించి ఆ వాల్వునుండి బొట్టుబొట్టుగ కారుచుండును. అది దాని ధర్మము. కారుచున్నదని తిట్టుకొని దానికి బిరడా బిగించినవారు తలమీద బాంబు పెట్టుకొన్నవారే. ప్రతి పది మీటర్ల ఎత్తు నీటికి ఒక బారు పీడనము కలుగును గనుక, పది అంతస్తుల మేడలో దిగువ వాటావారు 8 బార్లకు తట్టుకొను గీజరునే కొనవలెను.

మా అమ్మ ఒంగోలులో ఒంటరిగ నుండును. వయస్సు డెబ్బదియెనిమిది, ఇంటికి బోరు నీరు, చలి యనదగిన కాలము రెండున్నర నెలలు. మేడమీద సౌర హీటరు పెట్టింతునన్నప్పుడు “ఒక్కదాన్ని, ఒక బొక్కెన నీళ్ళకి సూర్యుణ్ణి అంత కష్టపెట్టడం దేనికిరా” అన్నది. గాజు పూత తొట్టె, గాజు పూత ఎలిమెంటు గల 10 లీటర్ల గీజరును బిగింపించి, థర్మోస్టాటు 50వద్ద ఆపించి, స్విచ్చును గది బయట ఆమె చేతికందు ఎత్తున పెట్టించితిని. నీరు కాగిన పిదప స్విచ్చు ఆపి లోనికి పోవుట ఆమె అలవాటు చేసికొన్నది. నిరుడు విప్పించి చూచినప్పుడు రెండు దోసిళ్ళ తెల్లని పెచ్చులు రాలినవి. మెగ్నీషియము కడ్డీ సగమునకు అరిగియుండెను. ఈ యేడు దసరాకు పోయినప్పుడు క్రొత్త కడ్డీ వెంట తీసికొనిపోవలెను.